డిస్కు మీద అతని చివరి రోజు

నేను ఉద్యోగంలో చేరే నాటికి మా ఇంట్లో ఎవరూ కంప్యూటర్‌ని చూడలేదు. మాది చండ్రుగొండ వైపు. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ మిరప, పత్తి వేసుకుని స్థిరపడ్డాడు. ఖమ్మంలో డిగ్రీ అయ్యాక ఓ కంప్యూటర్ డిప్లొమా చేశాను. ఆ కాగితంతోనే బొగ్గు గనుల ఏరియా ఆఫీసులో జూనియర్ ప్రోగ్రామర్‌గా పని దొరికింది. తొంభైల మొదట్లో సంగతి ఇది.

కంప్యూటర్ సెక్షన్ అంటే ఓ పెద్ద గది. బయట ఎటు చూసినా బొగ్గు ధూళి. అందుకని చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లాలి. గాజు గోడ అవతల బీరువా అంత మెషీన్, ఇవతల నాలుగు టెర్మినళ్లు. నల్లటి స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగేది, కాసేపటికి నేల కదిలి గాజు గోడ గలగలమనేది. కొత్తలో ఉలిక్కిపడేదాన్ని. తర్వాత అలవాటైంది.

నా పక్క టెర్మినల్ అతనిది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేదాన్ని. తండ్రి అండర్‌గ్రౌండ్‌లో బొగ్గు కొట్టే కార్మికుడు. వాళ్లింట్లో మసి అంటని ఉద్యోగం ఇతనిదే మొదటిది. పని నేర్పేటప్పుడు విసుక్కునేవాడు కాదు, కానీ రెండోసారి అడిగితే మాత్రం, "మొదాలు నువ్వే ఓసారి కొట్టి చూడు, ఏం పేలదు," అనేవాడు.

ఆ మెషీన్ మీద జీతాల బిల్లు నడవడానికి సగం రోజు పట్టేది. ఎందుకు ఆలస్యమవుతోందో ఎవరికీ అర్థం కాలేదు. అందుకని అతను సొంతంగా ఓ ప్రోగ్రాం రాశాడు. అది నడిపితే స్క్రీన్ నిండా చుక్కలు వచ్చేవి. ఒక్కో చుక్క డిస్కులో ఒక్కో చోటు. మెషీన్ ఏ చోటునుంచైనా చదివితే ఆ చుక్క నక్షత్రంగా మారేది. ఏదైనా రాస్తే నిండు గడిలా వెలిగేది. కాసేపటికి మసకబారి మళ్లీ చుక్క అయ్యేది. డిస్కు లోపల జరిగేదంతా కళ్ల ముందు కనబడేదన్నమాట.

"గిటు చూడమ్మా," అన్నాడు అది నడిపిన మొదటిరోజు, నన్ను పిలిచి. "జీతాల బిల్లు నడుస్తుంది. ఈ మూలకెల్లి ఆ మూలకు, ఆ మూలకెల్లి ఈ మూలకు ఉరుకుడే ఉరుకుడు. గందుకే గింత లేటు."

నిజంగానే ఏదో ప్రాణి పరుగెత్తుతున్నట్టే ఉంది. మేమిద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

ఆ ఏడాది వానాకాలంలో అతను స్నేహితుడి పెళ్లికని భద్రాచలం దాటి అడవి లోపలి ఊరికి వెళ్లాడు. తిరిగొచ్చిన కొద్దిరోజులకు జ్వరం పట్టుకుంది. ఓ ఉదయం ఉన్ని శాలువా కప్పుకుని ఆఫీసుకు వచ్చాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. ఆ ఏసీ గదిలో అలా కూర్చోవడం చూసి, "ఇంటికి వెళ్లిపో అన్నా, సార్‌కి నేను చెప్తాలే," అన్నాను.

"ఒక్కటే మిగిలింది. గిదైతే పోత," అన్నాడు.

కొంతసేపు పనిచేసి, చలి ఎక్కువై బల్ల మీద తల పెట్టుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. మళ్లీ లేచాడు, మళ్లీ కీబోర్డు చప్పుడు మొదలైంది. సాయంత్రం శాలువా సర్దుకుని, ఏదో గెలిచినవాడిలా నావైపు చూసి నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు దవాఖానాలో చేర్చారు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. వారం తిరక్కుండానే పోయాడు.

*

నెల దాటాక మా ఆఫీసరు నన్ను పిలిచారు.

"ఆయన రాసిన డిస్కు ప్రోగ్రాం ఉంది గద. హెడ్డాఫీసోళ్లు అన్ని ఏరియాలకు పంపుదామంటున్నరు. మాన్యువల్ కావాల్నంట. ఏ ఆప్షన్ కొడితే ఏమైతదో ఒక్కొక్కటి రాసియ్యమ్మా."

"నాకూ పూర్తిగా తెలియదు సార్."

"ఎవరికి తెలుసు మరి? నీ పక్కన కూసొని రాసిండు. నీకే జర ఎరికుంటది."

ప్రోగ్రాం పేరు కొట్టి, పక్కన చిన్న గీత, ఒక అక్షరం పెడితే అది ఒక్కో తీరుగా నడుస్తుంది. వాటినే ఆప్షన్లంటారు. డిస్కు ఏదో చెప్పడానికి ఒకటి, ఎంతసేపటికోసారి చూపించాలో చెప్పడానికి ఒకటి. అలా ఎన్నో పెట్టాడు. ఏదీ ఎక్కడా వివరంగా రాసిపెట్టలేదు. అతని ప్రోగ్రాం చదవడం, ఒక్కో ఆప్షన్ కొట్టి చూడటం, ఏమైందో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాయడం, ఇదీ నా పని.

అతను ఉన్నప్పుడు అతని గురించి నాకు తెలిసింది తక్కువ. ఈ పనిలో పడ్డాక తెలియడం మొదలైంది. ఎవరైనా తప్పు అంకె ఇస్తే కసురుకోకుండా సరైన అంకె ఎంతో చెప్పేలా రాశాడు. ప్రోగ్రాంలో ఒక్కో భాగానికి నవ్వొచ్చే పేర్లు పెట్టాడు. పని అయిపోయిన చోట గుర్తు ఎంతసేపు నిలవాలో చెప్పే ఆప్షన్ ఒకటి ఉంది. దానికి సున్నా ఇచ్చి చూశాను. గుర్తులు చెరగడం మానేశాయి. మధ్యాహ్నానికి స్క్రీన్ మొత్తం నిండిపోయింది. 'సున్నా ఇస్తే గుర్తులు చెరగవు. కాసేపటికి ఏది ఇప్పటిదో, ఏది ఇందాకటిదో తెలియదు' అని రాసుకున్నాను. రాశాక ఆ వాక్యం వైపు చూడబుద్ధి కాలేదు. ఆ పూటకి పని ఆపేశాను.

చివరికి మిగిలినవి రెండు. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న ఆర్, పెద్ద ఆర్. చిన్న ఆర్ అంటే డిస్కులో జరిగేదాన్ని రికార్డు చేయడమని అతను ఓసారి చెప్పిన గుర్తు. పెద్ద ఆర్ సంగతి అప్పటికి చదవలేదు. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు వెళ్లారు. ఎవరూ లేనప్పుడు రికార్డు చేస్తే డిస్కు ఖాళీగా ఉంటుంది, చూడటం తేలిక అనుకుని ఆ ఆప్షన్ కొట్టాను.

డిస్కు ఖాళీగా లేదు.

పైనుంచి మూడో వరుసలో, ఎడమవైపు, ఓ గడి వెలిగింది. ఆగింది. మళ్లీ వెలిగింది. తర్వాత నక్షత్రాలు ఓ గుంపుగా కిందికి పాకి, మసకబారి పోయాయి. మళ్లీ మూడో వరుసలో ఓ గడి. ఎవరో కూర్చుని పనిచేస్తున్నారు. పక్క టెర్మినల్‌కి వెళ్లి లాగిన్ అయినవాళ్లు ఎవరని అడిగితే, మెషీన్ నా ఒక్కదాని పేరే చూపించింది.

నాకు ఆ తీరు తెలుసు. అతను రెండు లైన్లు రాయగానే సేవ్ చేసేవాడు. కరెంటు మీద నమ్మకం లేక అలా అలవాటైంది. రెండు లైన్లు, సేవ్. రెండు లైన్లు, సేవ్. తర్వాత ప్రోగ్రాం నడిపి చూడటం. పక్కన కూర్చుని రోజూ చెవులతో విన్నదాన్ని ఇప్పుడు కళ్లతో చూస్తున్నాను. మూడో వరుస ఎడమవైపు అతని ఫైళ్లు ఉండే చోటు.

చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి పరుగెత్తాను. నేల కాలుతున్నా అక్కడే నిలబడ్డాను. అప్పుడే వచ్చిన ఆఫీసరు నా మొహం చూసి, "ఏందమ్మా? ఒంట్లో బాగలేదా?" అన్నారు.

"సార్, ఓసారి లోపలికి రండి."

ఆయన వచ్చి స్క్రీన్ చూశారు. "ఎవలో పని చేస్తున్నరు," అన్నారు.

"ఎవరూ లేరు సార్."

ఆయనే స్వయంగా చూసుకున్నారు. తర్వాత మెల్లగా, "ఏం కొట్టినవు నువ్వు?" అని అడిగారు.

అప్పుడు చూశాను. చిన్న ఆర్ బదులు పెద్ద ఆర్ కొట్టాను. ప్రోగ్రాం తెరిచి చదివాం. పెద్ద ఆర్ అంటే, రికార్డు చేసినదాన్ని మళ్లీ నడిపి చూపించడం. ఏ ఫైలో చెప్పకపోతే చివరిసారి రికార్డు చేసింది తీసుకుంటుంది. ఆ ఫైలు తేదీ చూశాను. శాలువా కప్పుకుని వచ్చిన రోజు. మిగిలిందన్న 'ఒక్కటి' ఇదేనన్నమాట. రికార్డు చేయడం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి, తను చేస్తున్న పనినే రికార్డు చేసుకున్నాడు.

దాని కిందే ఇంకోటి కూడా ఉంది. చిన్న ఆర్ కొట్టి ఫైలు పేరు ఇవ్వకపోతే, పాత రికార్డింగ్ మీదే కొత్తది రాసేస్తుంది. నేను పేరు ఇవ్వలేదు. వేలు తప్పకుండా సరిగ్గా కొట్టి ఉంటే, ఆ రోజు అక్కడే తుడిచిపెట్టుకుపోయేది, అది ఉందని కూడా నాకు తెలిసేది కాదు.

"స్క్రీన్ మీద ఎక్కడన్న పాతది అని రాపియ్యమ్మా," అన్నారు ఆఫీసరు, చెమట తుడుచుకుంటూ. "ఇట్లయితే ఎవలకైనా గుండె ఆగుతది."

నిజమే. పాతదానికీ, ఇప్పుడు జరుగుతున్నదానికీ స్క్రీన్ మీద ఏ తేడా లేదు.

*

అతని వస్తువులు తీసుకెళ్లడానికి తల్లి వచ్చింది. టిఫిన్ డబ్బా, గొడుగు, ఓ స్వెట్టర్. సంచిలో పెట్టి ఇచ్చాను. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. నడుముకి కొంగు బిగించుకుని గుమ్మంలోనే నిలబడి గది నలుమూలలా చూసింది.

"నా కొడుకు ఏందో చేసిండంట గద బిడ్డా. అన్ని ఊర్లకు పంపుతున్నరంట. నాకు చూపిస్తవా?"

లోపలికి పిలిచి అతని కుర్చీలోనే కూర్చోబెట్టాను. మొదట డిస్కుని మామూలుగా చూపించాను. ఆమెకి అది పట్టలేదు. "ఇది మెషీను పని. వాని పనేది?" అంది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, పెద్ద ఆర్ కొట్టాను.

"ఇవి మీ అబ్బాయి చేసినవమ్మా. ఆ గడి వెలిగినప్పుడల్లా ఏదో రాసి దాచుకున్నట్టు."

ఆమె ముందుకి వంగింది. రికార్డింగ్‌ని జోరుగా నడిపే ఆప్షన్ ఒకటుంది. ఎక్కువసేపు కూర్చోలేదేమోనని అది వాడబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"జల్దీ వద్దు బిడ్డా. వాడు ఎంత నిమ్మలంగ చేసిండో గంత నిమ్మలంగనే ఉండనియ్."

మూడో వరుస వెలుగుతూ ఆగుతూ ఉంది. కొంతసేపటికి అన్నీ చుక్కలైపోయాయి. ఏమీ కదల్లేదు. అది ఎప్పటిదో నాకు తెలుసు. చలికి తాళలేక బల్ల మీద తల వాల్చినప్పటిది.

"ఆగిపోయిందేంది?" అంది ఆమె.

"టీకి వెళ్లుంటాడమ్మా."

ఆమె తలూపింది. స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏసీ హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆ కుర్చీలో అతను లేవడం కోసం ఓసారి ఎదురుచూశాను. ఇప్పుడు మళ్లీ చూస్తున్నాను. చివరికి మూడో వరుసలో ఓ గడి వెలిగింది.

"లేసిండు," అంది ఆమె.

టీకి వెళ్లాడన్నాను కదా, 'వచ్చిండు' అనాలి. 'లేసిండు' అంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

ఆ తర్వాత ఆమె తరచూ వచ్చేది. మార్కెట్‌కి వచ్చిన రోజున ఖాళీ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఆఫీసరు కాదనలేదు. నేను రికార్డింగ్ పెట్టి నా పని చేసుకునేదాన్ని. ఈలోగా మాన్యువల్ దాదాపు పూర్తయింది. పెద్ద ఆర్ నడుస్తున్నప్పుడు స్క్రీన్ పైన 'రికార్డెడ్' అని వచ్చేలా మార్చాను కూడా. ఆమెకి చదువు రాదు.

ఓ సాయంత్రం అతని తండ్రి గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు. షిఫ్టు దిగి అటే వచ్చినట్టున్నాడు, కనురెప్పల దగ్గర నల్లటి గీత ఇంకా ఉంది.

"బిడ్డా, నీకు దండం పెడ్త. ఆమెకు ఇగ గది చూపియ్యకు," అన్నాడు.

"ఏమైందండీ?"

"రోజు వానికి గూడ ఒండుతుంది. గిన్నెల పెట్టి మూత పెడ్తది. ఏందే అంటె, 'వానికి ఆఫీసుల పని ఎక్కువున్నది, నేను చూసే వచ్చిన, లేటైతది' అంటది. నాకు భయమైతుంది."

పాతదీ ఇప్పటిదీ ఒకేలా కనబడుతుందని ముందు తెలిసింది నాకే. తెలిసీ ఆమెని ఆ స్క్రీన్ ముందు కూర్చోబెడుతూ వచ్చాను. ఆ రాత్రంతా ఆమెకి ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాను.

తర్వాత ఆమె వచ్చినప్పుడు రికార్డింగ్ పెట్టలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, ఇది ఇప్పుడు జరిగేది కాదు. ఆ రోజుది. అయిపోయింది. అదే మళ్లీ మళ్లీ కనబడుతుంది, అంతే."

ఆమె నన్ను వింతగా చూసింది.

"నాకెరక లేకనా బిడ్డా? నా చేతులతోని మట్టి ఎయ్యలే?"

"మరి ఇంట్లో అలా…"

"గట్ల అనుకుంటె గని ముద్ద దిగుతలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంట్ల వాని బట్టలున్నయి, సైకిలున్నది. అన్ని ఎక్కడియక్కడనే. ఏదీ కదల్తలేదు. గిది కదుల్తది. గందుకొస్తున్న."

ఆమే మళ్లీ అడిగింది.

"గా ఆగిపోయినప్పుడు టీకి పోలేదు గద వాడు?"

"లేదమ్మా. చలి పెట్టి బల్ల మీద పడుకున్నాడు. ఇంటికి వెళ్లమన్నాను. ఇది అయిపోతే పోతానన్నాడు."

"అవ్. చిన్నప్పటికెల్లి గంతే. చెయ్యి పెట్టింది ఇడ్వడు." అప్పుడు ఏడ్చింది. ఇన్నిసార్లు వచ్చినా ఆ గదిలో ఆమె ఏడవడం అదే మొదలు. నేనూ ఏడ్చాను. అతను పోయినప్పటి నుంచి నాకు ఏడుపు రాలేదని అప్పుడే తెలిసింది.

*

కొన్నాళ్లకి డిస్కు నిండిపోయింది. జీతాల బిల్లుకి చోటు చాలడం లేదు. పెద్ద ఫైళ్లు తీసేయమన్నారు ఆఫీసరు. అన్నిటికంటే పెద్దది ఆ రికార్డింగే. ఆయనకీ తెలుసు. "టేపు మీదికి ఎక్కించి పెట్టమ్మా కావాల్నంటే," అన్నారు, కిటికీ వైపు చూస్తూ.

ఆమె వచ్చినప్పుడు చెప్పాను. టేపు చూపించాను. అరచేతంత డబ్బా. దీన్లో దాచిపెడితే ఎన్నాళ్లయినా ఉంటుందన్నాను. ఆమె దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేసింది.

"వద్దు బిడ్డా. ఒక్కసారి మట్టిల పెట్టినం. మల్ల డబ్బల పెట్టుడెందుకు? తీసెయ్. నా ముంగటనే తీసెయ్."

"ఇంట్లో ఆయన్ని కూడా అడుగుదామా?"

"అడిగిన. నీ ఇష్టం అన్నడు."

ఓ టెర్మినల్ మీద డిస్కు బొమ్మ పెట్టాను, పాతది కాదు, అప్పుడు జరుగుతున్నది. ఇంకోదాని మీద ఫైలు తుడిచే ఆజ్ఞ కొట్టాను. ఎంటర్ నొక్కే ముందు ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. నొక్కాను. మూడో వరుసంతా భగ్గుమని వెలుగుతుందనుకున్నాను. ఓ గడి వెలిగింది, పక్కన ఇంకోటి. అంతే. మసకబారి చుక్కలైపోయాయి.

"అయిందా?"

"అయిందమ్మా."

"గంతేనా?"

ఆమెకి అబద్ధం చెప్పదల్చుకోలేదు. "పేరు మాత్రమే పోయిందమ్మా. లోపల రాసింది అక్కడే ఉంటుంది. ఆ చోట మెషీన్ ఇంకోటి రాసేదాకా ఉంటుంది. కానీ మనకి ఇక కనబడదు."

"ఏం రాస్తది ఆడ?"

"చోటు దొరికితే జీతాల బిల్లు."

"వాళ్ల నాయిన జీతం గూడ ఉంటదా అండ్ల?"

"ఉంటుంది."

"మంచిగనే ఉంది," అంది. ఇద్దరం గేటు దాకా నడిచాం. జూలూరుపాడు బస్సు దుమ్ము లేపుకుంటూ పోతుంటే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "నువ్వు టైముకి తిను బిడ్డా," అని చెప్పి కార్మికుల క్వార్టర్ల వైపు వెళ్లిపోయింది. ఆఫీసుకి మళ్లీ రాలేదు. తర్వాత బజారులో ఒకట్రెండుసార్లు భార్యాభర్తలిద్దరూ కూరగాయలు కొంటూ కనబడ్డారు. నన్ను చూసి ఆగి, ఇంట్లోవాళ్ల బాగోగులు అడిగారు. అతని మాట ఎత్తలేదు.

మాన్యువల్ అచ్చయి అన్ని ఏరియాలకూ వెళ్లింది. చివర్న రాసినవారి పేరు ఉండాల్సిన చోట అతని పేరు పెట్టాను. ఆఫీసరు చూసి సంతకం చేశారు.

నెలాఖరున జీతాల బిల్లు నడుస్తున్నప్పుడు నేను డిస్కు బొమ్మ పెట్టుకుని కూర్చున్నాను. గడులు ఈ మూల నుంచి ఆ మూలకి పరుగెత్తుతున్నాయి. మూడో వరుసలో అతని రికార్డింగ్ ఉన్న చోటుకి మాత్రం ఒక్కటీ రాలేదు. మెషీన్ ఎందుకో వేరే ఖాళీలు వెతుక్కుంది. ఆ మరుసటి నెలా చూశాను. అప్పుడూ అటు రాలేదు. ఆ చుక్కలు చుక్కల్లానే ఉన్నాయి, లోపల అతని పగలంతా పెట్టుకుని. ఆ తర్వాత నెల నేను బొమ్మ పెట్టుకోలేదు. బిల్లు నడిపి, అది అయ్యేదాకా వరండాలో నిలబడ్డాను.